ఎల్లేశం పీకిన బటన్లు

మా క్వార్టర్ల లైనులో ఎల్లేశం ఇంట్లోని టీవీ రిమోట్‌ను మొదటిసారి చూసినవాళ్లు నవ్వకుండా ఉండలేరు. దాని చుట్టూ కరెంటు పనికి వాడే నల్లటేపు చుట్టి ఉంటుంది. టీవీ వేసేది, ఆపేది, ఛానల్ మార్చేది, సౌండు పెంచేది మాత్రమే బయటికి కనిపిస్తాయి. మిగతా బటన్లన్నీ టేపు కిందే. వాళ్లింట్లో మిక్సీ ఒక్క స్పీడు మీదే తిరుగుతుంది. గోడ మీద స్విచ్‌బోర్డులో పనిలేని స్విచ్చులు ఒక్కటీ ఉండవు. వాటిని తీసేసి, ఆ రంధ్రాలకు లోపలి నుంచి అట్టముక్కలు బిగించాడు.

"మీ ఇండ్లల్ల మొగోళ్లు సామాను తెస్తరు, మా ఇంట్లాయన ఉన్నయి పీకుతడు" అని అతని భార్య లింగవ్వ నల్లా దగ్గర అంటే అందరం నవ్వేవాళ్లం. నేను మాత్రం నవ్వి ఊరుకునే రకం కాదు. ఒకరోజు ఎల్లేశాన్ని ఆపి, ఆ టేపు ఎందుకు చుట్టావని అడిగాను.

"అక్కెర లేని బటన్ చేతికి అందొద్దు సారక్కా" అన్నాడు. అంతే, సైకిలెక్కి డ్యూటీకి పోయాడు.

అతను చెప్పకపోయినా దాని వెనక సంగతి సెంటినరీ కాలనీలో అందరికీ తెలుసు. ఎల్లేశం కమాన్‌పూర్ దగ్గరి పల్లెవాడు. తండ్రి వ్యవసాయం చేస్తే ఇతను పెద్దపల్లిలో ఐటీఐ చదివి, గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేరాడు. పొడుగ్గా, బక్కగా, ఎప్పుడూ కొంచెం ముందుకు వంగి నడుస్తాడు. ఎవరింట్లో ఫ్యాను ఆగినా పిలవకముందే వస్తాడు. తీగ మీద చెయ్యి పెట్టే ముందు ఫ్యూజు పీకి తన చొక్కా జేబులో వేసుకుంటాడు. తను పనిలో ఉండగా తెలియనివాళ్లెవరూ మళ్లీ కరెంటు ఇవ్వకూడదని గనిలో నేర్చుకున్న పద్ధతి అది. ఇంటి దగ్గరా అదే చేస్తాడు. కరెంటు పోయినప్పుడు మా లైను పిల్లలు ముందు అతని జేబు వైపే చూస్తారు.

అతని జతగాడు రాజం. ఇద్దరిదీ ఒకే షిఫ్టు. రాజం హాలేజి దగ్గర పని చేసేవాడు. హాలేజి అంటే బొగ్గు నింపిన టబ్బులను ఇనుపతాడుతో లాగే యంత్రం. ఆ యంత్రం బోర్డు మీద గంట కొట్టే బటన్ పక్కనే ఎప్పటిదో పాత బటన్ ఒకటి మిగిలిపోయింది. దానికి పని లేదని అందరూ అనుకునేవారు. కొత్తగా వైర్లు మార్చినప్పుడు దానికి కరెంటు వచ్చింది. ఒకరోజు రాజం ఆపమని గంట కొట్టబోయి, నెత్తి మీది టోపీ దీపం వెలుగులో ఆ పక్క బటన్ నొక్కాడు. తాడు కదిలింది. టబ్బులు అతని మీదికే వచ్చాయి.

ఎంక్వయిరీలో ఎవరి తప్పూ లేదని తేలింది. ఆ బోర్డు చూసుకునే ఎల్లేశానికి మాత్రం అట్లా తేలలేదు. అప్పటి నుంచే ఇంట్లో టేపులు మొదలయ్యాయి.

రాజం భార్య సంతోషి. భర్త పోయాక ఆమెకు గని ఆఫీసులో మజ్దూరు ఉద్యోగం వచ్చింది. గదులు ఊడ్చి, నీళ్లు మోసి, ఫైళ్లు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు చేరుస్తుంది. మా వెనక లైనులోనే ఆమె క్వార్టర్. డ్యూటీకి పోతూ తాళంచెవి నాకు ఇచ్చి పోతుంది. రాజం పోయిన నాటి నుంచి ఆ ఇంటి కరెంటు పని ఏదైనా ఎల్లేశానిదే. గీజర్ పెట్టాడు, మోటరు బాగు చేశాడు, వాకిట్లో ట్యూబులైటు బిగించాడు. బాగా వెలుగుతున్న బల్బు కూడా ఒకసారి మార్చి పోయాడు. సంతోషి వద్దనేది కాదు, థాంక్సు కూడా చెప్పేది కాదు. అతను పని చేస్తున్నంతసేపూ వంటింట్లోనే ఉండేది. "చెల్లె, పోయొస్త" అని అతను గుమ్మం దగ్గర అంటే, "ఊ" అనేది. వాళ్లిద్దరి మధ్య రాజం పేరు రావడం నేను ఒక్కసారి కూడా వినలేదు. నా చెవులు ఎట్లాంటివో మా లైనులో అందరికీ తెలుసు.

సకల జనుల సమ్మె అయిపోయి గనులు మళ్లీ నడిచిన ఆ చలికాలంలో ఆఫీసు బోర్డు మీద నోటీసు పడింది. కంపెనీలో పనిచేసేవాళ్ల నుంచే క్లర్కులను తీసుకుంటారు, టైపు పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది. సంతోషి పెళ్లికి ముందే మంథనిలో టైపు నేర్చుకుని లోయర్ పరీక్ష పాసైంది. ఆ కాగితం ఇన్నాళ్లూ ఆమె ట్రంకుపెట్టెలో చీరల కింద ఉంది. నోటీసు చూసిన రోజు ఆ కాగితం తెచ్చి నాకు చూపించింది. "అవ్వా, ఆ కుర్చీల కాళ్ల కింద ఊడ్సుడు చాలు. ఒక్కసారి కుర్చీల కూసోవాలె" అంది. ఆమె మొహంలో అంత ఆశ రాజం పోయాక నేను చూడలేదు.

నేర్చుకోవడానికి కంప్యూటర్ కావాలి. మా పక్క క్వార్టర్లో హెడ్ క్లర్కు సదాశివ గారు ఉంటారు. వాళ్లది మంథని. ఆయన బిడ్డ భావ్య కరీంనగర్‌లో ఎంసీఏ చదువుతూ సెలవులకు వచ్చింది. తండ్రి ఆ యేడే ఆమెకు లాప్‌టాప్ కొనిపెట్టాడు. నేనే పోయి అడిగాను. ఆ పిల్ల మారుమాట లేకుండా ఇచ్చింది. పరీక్ష అయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకోండి, నేను పుస్తకాలు చదువుకుంటాను అంది.

లాప్‌టాప్ వచ్చాక కొత్త కష్టం మొదలైంది. టైపు మిషన్ మీద ఎడమ చేతి చిటికెన వేలు అంచుకు పోతే పెద్దక్షరాల బటన్ దొరుకుతుందట. చూడకుండా కొట్టడం నేర్చుకున్న చెయ్యి కాబట్టి, అంచు తగిలితే చాలు నొక్కేస్తుంది. ఈ లాప్‌టాప్‌లో ఆ అంచు మీద ఒక వరుస బటన్లు అదనంగా ఉన్నాయి. ఒకటి నొక్కితే లెక్కలు చేసేది తెర మీదికి వస్తుంది. ఇంకోటి నొక్కితే ఉత్తరాల పెట్టె తెరుచుకుంటుంది, మరోటి నొక్కితే ప్రింటు తియ్యాలా అని అడుగుతుంది. ఎడమ మూల కింద ఇంకో బటన్ ఉంది. అది ఒంటరిగా ఏమీ చెయ్యదు, పక్కదానితో కలిస్తేనే చేస్తుంది. సంతోషి రెండు వరుసలు కొట్టేలోపు లెక్కల డబ్బా పైకి వచ్చేది. ఆమె తల దించి కాగితం చూస్తూ కొడుతుంది కాబట్టి ఆ సంగతి తెలిసేది కాదు. తల ఎత్తేసరికి సగం పేజీ ఎక్కడికో పోయి ఉండేది. మళ్లీ మొదటి నుంచి.

"గింత మంచి మిషన్ చేసినోళ్లకు గీ బటన్లు అంచుకు పెట్టుడేంది" అని నేను భావ్యను అడిగాను. ఆమె నవ్వింది. "నాకూ అక్కరలేదు అవ్వా. నేను కొన్నప్పటి నుంచి వాటిని ఒక్కసారీ వాడలేదు" అంది. ఆ మాట నేను ఎల్లేశం దగ్గర అనకుండా ఉండాల్సింది.

ఒక ఆదివారం సాయంత్రం ఎల్లేశం సంతోషి ఇంటికి మీటరు చూడడానికి వచ్చాడు. ఆమె లాప్‌టాప్ ముందు కూర్చుని, కొట్టి కొట్టి, చివరికి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకుంటోంది. అతను తలుపు దగ్గరే నిలబడిపోయాడు. చెయ్యి ఎందుకు అటు పోతోందని నన్ను అడిగాడు. అంచు బటన్ల సంగతి, వాటిని భావ్య కూడా వాడదన్న మాట చెప్పాను. అతని మొహం మారింది. మీటరు కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు సంతోషి డ్యూటీకి పోయాక వచ్చి తాళంచెవి అడిగాడు. మీటరు కోసమే అనుకుని ఇచ్చాను. ఊరికే ఎట్లా ఉంటాను, వెంట పోయాను. అతను తిన్నగా లాప్‌టాప్ దగ్గరికి పోయి, దాన్ని తెరిచి, వైరు పీకి పక్కన పెట్టాడు. తెర ఇంకా వెలుగుతూనే ఉంది. దీంట్లో బ్యాటరీ ఉంటుందని ఇచ్చినప్పుడే భావ్య చెప్పింది, అదే మాట నేను చెప్పాను. "చిన్న బ్యాటరీ అక్కా, ఏం గాదు" అన్నాడు. గనిలో బోర్డు తెరిచే ముందు చేసినట్టే మెత్తటి గుడ్డతో బటన్లన్నీ గట్టిగా తుడిచాడు. తర్వాత సన్న స్క్రూడ్రైవర్‌తో అంచు వరుస ఒక్కొక్కటి పైకి లేపాడు. టక్, టక్ అని ఊడి వచ్చాయి. చివరికి ఆ మూల బటన్ కూడా తీశాడు. ఖాళీల మీద నల్లటేపు కత్తిరించి అతికించాడు. తీసినవన్నీ చొక్కా జేబులో వేసుకున్నాడు, ఫ్యూజుల్లాగే.

నేను పక్కన కూర్చుని ఒక్కోటి ఏం పని చేస్తుందో అడుగుతూనే ఉన్నాను. వద్దని మాత్రం అనలేదు. ఆడపిల్ల కష్టం తీరుతుందనుకున్నాను.

పని అయ్యాక సరిగ్గా ఉందో లేదో చూడాలని ఒక్క వేలితో ఇంగ్లీషులో సంతోషి పేరు కొట్టాడు. ఓ రావాల్సిన చోట ఆరు వచ్చింది. ఐ రావాల్సిన చోట ఐదు వచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అంకెలే. ఇంకో మాట కొట్టాడు, అందులోనూ సగం అంకెలే. ఎక్కడ తప్పిందో తెలియక, తీసినవన్నీ వెనక్కి పెట్టబోయాడు. మూల బటన్ కింద ఉన్న సన్న ప్లాస్టిక్ కాలు విరిగింది. అదే సమయానికి రెండో షిఫ్టు సైరన్ మోగింది.

"అక్కా, నువ్వు చెప్పకు. నేనే వచ్చి చెప్త" అన్నాడు. బటన్లు జేబులోనే ఉన్నాయి. సైకిల్ తీసుకుని పోయాడు.

కడుపులో మాట దాచుకోవడం నాకు అంత కష్టమైన పగలు ఇంకోటి లేదు. సంతోషి వచ్చి లాప్‌టాప్ తెరిచింది. ఒక వరుస కొట్టింది. తెర వంక చూసింది, టేపు వంక చూసింది. ఎవరు చేశారని అడగలేదు. మా కాలనీలో ఆ టేపు ఎవరిదో అడగాల్సిన పని లేదు. నా వైపు తిరిగి, "నువ్వు గూడ చూసుకుంట కూసున్నవా అవ్వా" అంది. నేనేం అంటాను, చూస్తూనే కూర్చున్నాను కదా.

మరుసటి వారమే పరీక్ష. నేను పోయి భావ్యను పిలుచుకొచ్చాను. ఆ పిల్ల టేపు చూసి, ఒక మాట కొట్టి చూసింది. మిషన్ పాడవలేదు అంది. అక్షరాలు కొన్నింటిని అంకెలుగా మార్చే ఏర్పాటు ఇందులోనే ఉంటుందట. గుడ్డతో తుడిచేటప్పుడు మూల బటన్, పైనున్న ఇంకోటి కలిసి నొక్కుకుని అది మొదలైంది. ఆ రెండింటినీ మళ్లీ కలిపి నొక్కితే ఆగిపోతుంది. అవసరం లేదని పీకిన బటనే ఇప్పుడు కావాల్సింది. భావ్య టేపు తీసి, ఆ ఖాళీలో పెన్సిల్ వెనక భాగంతో ఒత్తి పట్టుకుని పైదాన్ని నొక్కింది. సంతోషి పేరు పేరులాగా వచ్చింది.

"నాన్నకు నేను చెప్పుకుంటలే అక్కా, నువ్వు ప్రాక్టీస్ చేసుకో" అని భావ్య వెళ్లిపోయింది. కానీ పోతూ పోతూ ఆ ఖాళీల మీద ఒకసారి వేలితో రాసింది. తండ్రి కొత్తగా కొన్న వస్తువు. ఆ వేలిని సంతోషి చూసింది. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు, పరాయి పిల్ల సొమ్ము పాడు చేశానని.

ఎల్లేశం వచ్చి చెప్పలేదు. మర్నాడూ రాలేదు. మా లైను మీదుగా కాకుండా స్టోరు వెనక రోడ్డున చుట్టూ తిరిగి డ్యూటీకి పోతున్నాడని లింగవ్వ చెప్పింది. రాత్రిపూట పడుకుని పైకి చూస్తూ ఉంటాడట. అన్నంలో చెయ్యి పెట్టి మళ్లీ తీస్తాడట. "గనిల చేసింది చాలలేదా, ఇంట్ల గూడ చేస్తివి" అని కోపంలో తనే అనేసిందట. ఆ మాట అన్నందుకు ఆమె కూడా ఏడుస్తోంది. చివరికి అగ్గిపెట్టెలో ఆ బటన్లు పెట్టి ఆమెతో పంపాడు. విరిగిన మూల బటన్ అందులో లేదు.

సంతోషి అగ్గిపెట్టె తెరిచి చూసి, మూసి, లింగవ్వ చేతిలోనే పెట్టింది. "వదినే, తెచ్చినోళ్లు గాదు. తీసినోళ్లను రమ్మను" అంది.

మళ్లీ ఆదివారం సెలవునాడు వచ్చాడు. నేను అప్పటికే అక్కడ ఉన్నాను, చిక్కుడుకాయలు గిల్లుతున్నాను. సంతోషి నన్ను పొమ్మనలేదు. అతను వాకిట్లో నిలబడ్డాడు. ఆమె పీట వేసినా కూర్చోలేదు.

"ఎందుకు పీకినవ్ అన్నా?"

"నీ చెయ్యి అటు పోతుంటె చూడలేకపోయిన చెల్లె."

"నా చెయ్యి పోతె పోనియ్యి. నాలుగొద్దులు పోతది, తర్వాత అదే నేర్సుకుంటది. పరీచ్చల ఏ మిషన్ పెడ్తరో ఎవలకెర్క? ఆడ గూడ నువ్వొచ్చి పీకుతవా?"

నేను గిల్లిన చిక్కుడుకాయలను సంతోషి చేత్తో ఒకపక్కకు తోసింది. తర్వాత నేను ఇన్నేళ్లుగా వినని మాట అంది.

"రాజం సంగతి కాలనీల అందరు నాకు చెప్పిన్రు. నువ్వొక్కనివే చెప్పలె. నువ్వు బల్బులు మార్చినవ్."

ఎల్లేశం అప్పుడు కూర్చున్నాడు. పీట మీద కాదు, నేల మీద. అతని గొంతు నాకే సరిగ్గా వినిపించలేదు, ముందుకు వంగి విన్నాను. హాలేజి మీది ఆ పాత బటన్‌కు కరెంటు వస్తోందని ప్రమాదానికి ముందురోజే చూశాడట. సంచిలో టేపు ఉందట, స్క్రూడ్రైవర్ ఉందట. షిఫ్టు అయిపోయింది, పైకి పోయే జట్టు కదులుతోంది. రాజమే అతన్ని తొందర చేశాడట, నడువ్ నడువ్, ఆకలైతుందని.

"దానికి కరెంటు ఉన్నదని నాకెర్కే చెల్లె. రేపొచ్చి తీస్తనని పోయిన" అన్నాడు. "అది ఎవ్వలకు చెప్పలె. నీకు చెప్పెటందుకు ఎన్నిసార్లు వచ్చిననో, వచ్చినప్పుడల్ల ఏదో ఒకటి బాగు చేసి పోయిన."

నా చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. సంతోషి రెండూ చెయ్యలేదు.

"నాకు కోపం ఉండె" అంది. "ఇప్పటికీ ఉన్నది. ఉంటది గావచ్చు. కని నువ్వు దినాం నా ఇంట్లకొచ్చి దాన్ని బాగు చేస్తనంటె ఎట్లయితది అన్నా? నేను ఏది అడిగిన? ఏది వద్దన్న? నువ్వు అడిగితె గద."

"ఏం చెయ్యమంటవ్ మరి?"

"ముందుగాల అడుగు. గంతే. ఇప్పుడు తీసినయి పెట్టు."

లింగవ్వ తిరిగి తెచ్చిచ్చిన అగ్గిపెట్టె జేబులోంచి తీశాడు. అతను కళ్లద్దాలు పెట్టుకుని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఒక్కో బటన్‌కూ ముందు ఆమె వైపు చూసి, ఆమె తలూపితేనే బిగించాడు. అంచు వరుస మొత్తం తిరిగి వచ్చింది. మూల బటన్ ఉండాల్సిన చోటు ఖాళీగా మిగిలింది. దాన్ని జేబులోంచి తీసి చూపించి, కాలు విరిగిందని చెప్పి, మళ్లీ జేబులోనే వేసుకున్నాడు. లేచి తిన్నగా సదాశివ గారి ఇంటికి పోయి, తన చేత్తో తనే పీకానని ఆయనతో, భావ్యతో చెప్పి వచ్చాడు. ఆయన పెద్దమనిషి, ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఎల్లేశం తర్వాత నాతో అన్నాడు.

మిగిలిన రోజులు సంతోషి ఆ అంచు బటన్లతోనే కొట్టింది. లెక్కల డబ్బా పైకి వస్తే తిట్టుకుంటూ మూసేది. మధ్యలో ఎఫ్ మీద, జె మీద చిన్న గీతలు ఉబ్బి ఉంటాయని ఆమె వేళ్లకే తెలిసింది. అంచు వెతకడం మానేసి ఆ గీతల మీద వేళ్లు ఆనించుకుంది. అక్కడి నుంచి కొలుచుకుంటూ పోతే పెద్దక్షరాల బటన్ దానంతటదే దొరికింది. పరీక్షలో ఆమె ముందు పెట్టిన మిషన్ ఇంకో రకం. దాని అదనపు బటన్లు దానికి ఉన్నాయి. మొదలుపెట్టే ముందు దాన్ని ఒకసారి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, మధ్య గీతలు తడిమి, తల దించి కొట్టానని చెప్పింది. ఆమె పరీక్ష రాసినంతసేపూ ఎల్లేశం ఆఫీసు బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. అట్లా నిలబడడానికి కూడా ముందు రోజు వచ్చి, రావాల్నా వద్దా అని అడిగాడు. రమ్మందట.

బోర్డు మీద ఆమె పేరు పడింది. తను నీళ్లు మోసిన గదిలోనే ఆమెకు కుర్చీ ఇచ్చారు. మా లైనంతా మిఠాయి తిన్నాం. ఎల్లేశం కూడా తిన్నాడు. అయినా ఆ రోజు అతని మొహంలో నేను వెతికింది కనిపించలేదు. అతని భుజం మీది బరువు సగమైనా దిగుతుందనుకున్నాను. ఒకరికి మంచి జరిగినంత మాత్రాన ఇంకొకరి లోపలి సంగతి తీరదని నాకు అప్పుడు అర్థమైంది.

భావ్య ఆ లాప్‌టాప్‌తోనే చదువు ముగించింది. మూల బటన్ చోట ఖాళీలో వేలు పెట్టి నొక్కడం అలవాటైపోయిందని చెబుతుంది. ఎల్లేశం కరీంనగర్ పోయినప్పుడల్లా దుకాణాల్లో అట్లాంటి బటన్ కోసం అడిగాడు. ఎక్కడా సరిపోలలేదు. విరిగింది ఇప్పటికీ అతని చొక్కా జేబులో ఫ్యూజుల మధ్య ఉంటుంది. చొక్కా ఉతకడానికి వేసేటప్పుడు లింగవ్వ దాన్ని తీసి కిటికీలో పెడుతుంది. మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని అతను మళ్లీ జేబులో వేసుకుంటాడు.

సంతోషి ఇంటికి ఇప్పుడు కూడా పోతాడు. కానీ గేటు లోపలికి పోడు. బయట నిలబడి, "చెల్లే, ఈ వాకిట్ల పనిలేని బల్బు హోల్డర్ తియ్యాల్నా, ఉంచాల్నా" అని పిలుస్తాడు. ఆమె లోపలి నుంచి కొన్నిసార్లు తియ్యమంటుంది. మొన్న మాత్రం, "ఉండనియ్యి అన్నా" అంది. అతను ఇంకొంచెంసేపు ఆ హోల్డర్ వంక చూస్తూ నిలబడి, జేబు ఒకసారి తడుముకుని, డ్యూటీకి పోయాడు.